కాగితం రేపు పంపిస్తాం

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి సింగపూర్ బూన్ లేలో మా బ్లాకు కింద కాఫీ కలిపే చైనీస్ అంకుల్‌కి కూడా తెలుసు. మా ఆవిడ లలితకుమారి దీనికి పూర్తిగా తలకిందులు. ఆవిడ చెవిన పడ్డ మాట కడుపులోకి వెళ్తుందే తప్ప నోట్లోంచి బయటికి రాదు. ఇలాంటి ఇద్దర్ని ఏరికోరి ఎందుకు ముడివేశాడో ఆ దేవుణ్ణే అడగాలి.

ఆవిడకి నలభై ఆరేళ్ళు. సామర్లకోట పిల్ల. బీకాం చదివి, కంప్యూటరు కోర్సు చేసి, కాకినాడలో ఒక సెల్‌ఫోన్ కంపెనీ కౌంటర్లో చేరి, తర్వాత హైదరాబాదు వెళ్ళి, అక్కణ్ణించి సింగపూర్ వచ్చింది. వచ్చి పన్నెండేళ్ళయింది. ఆవిడ ఉద్యోగం పాసును పట్టుకుని నేనూ మా అమ్మాయి వర్షితా వచ్చాం. నేను ప్రభుత్వోద్యోగం వదిలేసి వచ్చినవాణ్ణి. ఇక్కడ వంట నాది, బట్టలు నావి, స్కూల్లో టీచర్లతో మాట్లాడే పని నాది. గోంగూర పచ్చడి నిలవుండాలంటే ఏం చెయ్యాలని ఊరి అటు చివర బెడోక్ నుంచి ఆంటీలు నాకే ఫోన్ చేస్తారు. ఫోన్ చేసినవాళ్ళకి పచ్చడితో పాటు నాలుగిళ్ళ కబుర్లు కూడా ఇస్తాను.

ఆవిడ ఆఫీసులో చేసే పనేమిటో తెలుసుకోవడానికి మాత్రం నాకు మూడేళ్ళు పట్టింది. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం. అక్కడ పెద్ద రోడ్లమీద కెమెరాలున్నాయి. దాటిన ప్రతి కారు నంబరు ప్లేటునీ ఫొటో తీసి టోలు వేస్తాయి. ఏ కారు ఏ రోజు ఎన్ని గంటలకి ఎక్కడ దాటిందో అంతా ఆ ఫొటోల్లో ఉంటుంది. వాళ్ళు నిద్రపోయే వేళకి మనకి పగలు కదా, ఆ వేళలో వాటిని చూసుకునే పని ఇక్కడ జురాంగ్‌లో ఒక చిన్న కంపెనీకి అప్పజెప్పారు. ఫలానా కారు వివరాలు కావాలని ఎవరైనా అడిగితే ఆ అర్జీ ముందు మా ఆవిడ దగ్గరికి వస్తుంది. ఆవిడా, ఆవిడ పైన మేనేజరూ ఇద్దరూ ఒప్పుకుంటేనే వివరాలు బయటికి వెళ్తాయి. ఒక్కరి చేత అయ్యే పని కాదు.

ఏ రాష్ట్రమో చెప్పవే అంటే చెప్పదు. నాకు నిద్రపట్టదు. యాభై రాష్ట్రాల పేర్లూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఆవిడ ఉప్మా తింటుంటే పక్కన నిలబడి, అలబామా దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ పైకి చదువుతూ, కనుబొమ్మ ఎక్కడైనా కదులుతుందేమోనని కాపలా కాశాను. వయోమింగ్ దాకా వచ్చాను. కదల్లేదు. ఉప్మాలో ఉప్పు తగ్గిందని చెప్పి లేచి చెయ్యి కడుక్కుంది. "నాన్నా, ఆ లిస్టు తీసెయ్ లా, సో ఎంబరాసింగ్" అని వర్షిత ఇక్కడి పిల్లల యాసలో నన్నే కోప్పడింది. తియ్యలేదు. ఇప్పటికీ ఉంది.

ఇక మా పెళ్ళి కథ. నేనది చెప్పని తెలుగు ఇల్లు ఈ ఊళ్ళో లేదు. ఇరవై ఏళ్ళు దాటిన మాట. కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను జూనియర్ అసిస్టెంటుని. ఏ కార్యాలయమో ఇప్పుడెందుకులెండి. ఒకరోజు మా ఆఫీసరు గారు నన్ను లోపలికి పిలిచి, చీటీ మీద ఒక సెల్ నంబరు రాసిచ్చి, నెల రోజుల్లో ఈ నంబరు నుంచి ఎవరెవరికి ఫోన్లు వెళ్ళాయో పట్టుకురా అన్నారు. లెటరు ఇస్తారా సార్ అంటే, కాగితం రేపు పంపిస్తామని చెప్పు అన్నారు. మన ఆఫీసుల్లో ఇది మామూలే. పని ముందు, కాగితం తర్వాత. ఆ రేపు రాదు, ఎవరూ అడగరు. ఉత్త చేతులతో వెళ్తే ఏం బాగుంటుందని అరకిలో కాజాలు కట్టించుకుని వెళ్ళాను.

కౌంటర్లో ఆకుపచ్చ చీర కట్టుకున్న అమ్మాయి. చీటీ చూసింది, నన్ను చూసింది, కాజాల పొట్లం చూసింది. లెటరుందాండి అంది. "కాగితం రేపు పంపిస్తాం, పెద్దాఫీసరు గారి పనండీ" అన్నాను దర్జాగా. కాసేపు ఆలోచించి లోపలికి వెళ్ళింది. ప్రింటరు చాలాసేపు కీచుమంది. అంచులకి చిల్లులున్న పొడుగు కాగితం మడిచి, కవర్లో పెట్టి, అంటించి ఇచ్చింది. మర్నాడు థాంక్స్ చెప్పాలని మళ్ళీ కాజాలు పట్టుకెళ్ళాను. మూడోరోజు ఏ వంకా లేకుండానే పట్టుకెళ్ళాను. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది. ఈ కథ చెప్పి చివర, "ఆ కాగితం ఇంకా పంపలేదండీ, బదులు నేనే వచ్చేశాను" అంటే వినేవాళ్ళు పగలబడి నవ్వుతారు. మా ఆవిడ మాత్రం సరిగ్గా ఆ మాట దగ్గరికొచ్చేసరికి లేచి వంటింట్లోకి పోతుంది. సిగ్గేమో అనుకునేవాణ్ణి.

కిందటేడు ఆవిడ ఆఫీసు నుంచి ఒక కాగితం తెచ్చింది. ఇంటికి కాగితం తేవడం నేను చూడ్డం అదే మొదలు. ఆ రాష్ట్రంలో చట్టసభ వాళ్ళు కొత్త చట్టం చేశారట, ఉద్యోగులందరూ చదివి సంతకం పెట్టాలట. అందులో ఇంగ్లీషు మరీ లాయర్ల ఇంగ్లీషు, ఇద్దరం కూర్చుని చదువుదాం రండి అంది. నేను ఎగిరి గంతేశాను. తీరా చూస్తే రాష్ట్రం పేరున్న పైభాగం కత్తెరతో నీటుగా కత్తిరించేసింది! మధ్యలో పేరు వచ్చినచోటల్లా నల్ల స్కెచ్ పెన్ను పూసింది. ఆవిడ మీద నాకెంత కోపమొచ్చిందో, ఆ ఓపిక చూసి అంత నవ్వొచ్చింది. తర్వాత నెట్‌లో వెతికాను కూడా. అలాంటి బిల్లులు పెట్టిన రాష్ట్రాలు, పెట్టి మానుకున్నవి, సగం సగం చేసినవి, ఒకటి కాదు రెండు కాదు. నా పరిశోధన అక్కడే ఆగిపోయింది.

చట్టం చెప్పేది మాత్రం అర్థమైంది. కేంద్ర ప్రభుత్వం వాళ్ళు జడ్జి సంతకం ఉన్న వారంటు లేకుండా జనం ఫోన్ల, మెయిళ్ళ, రాకపోకల వివరాలు పోగుచేస్తుంటే, మా రాష్ట్రం ఆఫీసులు గానీ మా దగ్గర కాంట్రాక్టు పుచ్చుకున్నవాళ్ళు గానీ అందులో చెయ్యి వెయ్యకూడదు. నాకు విడ్డూరంగా తోచింది. ఒక రాష్ట్రం కేంద్రాన్ని చూడొద్దనగలదా, అంత గుండె ఉందా అన్నాను. ఆవిడ ఆ కాగితం మీద గోటితో ఒక వాక్యం కింద గీస్తూ, "చూడొద్దని అనట్లేదండీ. మా చేత్తో చూపించం అంటున్నారు" అంది. తర్వాత చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. చిన్నపిల్ల కొత్త బొమ్మని తిప్పి తిప్పి చూసినట్టు చూసింది. ఇలా కూడా రాసుకోవచ్చా అని రెండుసార్లు అడిగింది. ఎవర్ని అడిగిందో నాకు తెలీలేదు. ఆ కాగితాన్ని తీసుకెళ్ళి ఆఫీసులో తన బల్ల అద్దం కింద పెట్టుకుందని తర్వాత తెలిసింది.

మొన్న ఆగస్టులో ఒక మంగళవారం, నేను పప్పు పోపు పెడుతుంటే, మధ్యాహ్నం పన్నెండు గంటలకి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. ఆ వేళకి ఇంటికి రావడం పన్నెండేళ్ళలో లేదు. మెళ్ళో వేలాడే ఆఫీసు కార్డు లేదు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంది. కార్డేదీ అంటే సార్ తీసుకున్నారంది. ఎందుకు అంటే, ఆఫీసు విషయం అంది. పోపు మాడిపోయింది. ఇంకోసారి అడిగాను, కోపంగా అడిగాను, బతిమాలి అడిగాను. ఆవిడ అన్నం కలుపుకుని తిని, లాప్‌టాప్ తెరిచి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, దానివైపు చూస్తూ కూర్చుంది. అంతే.

నాకు సంగతి చెప్పింది ఆవిడ మేనేజరు విశ్వేశ్వరరావు గారు. గుంటూరాయన. మూడు గంటలకి ఫోన్ చేసి, మీ ఆవిడకి చెప్పకుండా కిందికి రండి అన్నారు. కింద తిండికొట్ల హాకర్ సెంటర్లో ఆ వేళ ఈగలు తప్ప ఎవరూ లేరు. అయినా ఆయన టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసుకుని, అంటే ఇక్కడి పద్ధతిలో చోటు పట్టుకుని కూర్చున్నారు. మనిషి చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. నాకు కాఫీ చెప్పి, తను తాగకుండా మొత్తం కక్కేశారు.

పొద్దున్న తొమ్మిదింటికి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆఫీసరొకాయన ఫోన్ చేశాడట. ఒక కారు నంబరు చెప్పి, మూడు నెలల్లో ఆ కారు ఎక్కడెక్కడ తిరిగిందో కావాలన్నాడట. వారంటు ఉందా అని మా ఆవిడ అడిగింది. లేదన్నాడు. ఎవరి ప్రాణానికైనా ప్రమాదమా అని అడిగింది, ఎందుకంటే అలాంటి వాటికి చట్టంలోనే వేరే దారి ఉంది. అలాంటిదేం లేదన్నాడు. అయితే కుదరదని మర్యాదగా చెప్పి, రాష్ట్రం వాళ్ళకి మెయిల్ పెట్టింది. వాళ్ళు నిద్ర లేచేది మనకి రాత్రి ఎనిమిదికి. ఆ ఆఫీసరు ఊరుకోకుండా మేనేజరుకి ఫోన్ చేశాడు. విశ్వేశ్వరరావు గారు ఎస్ సర్ ఎస్ సర్ అని తన వంతు ఆమోదం నొక్కేశారు. ఇక మా ఆవిడ నొక్కాలి. నొక్కనంది. ఆలోచించుకో అని కార్డు తీసుకుని ఇంటికి పంపారు.

"ఏందండీ ఇది? మనది ఆ దేశమా? ఆ చట్టం మనదా? గవర్నమెంటాయనే కదా అడిగింది, దొంగోడు కాదు కదా. ఇంట్లో లాప్‌టాప్‌లోంచే నొక్కొచ్చు. మీరు చెప్పండి" అన్నారాయన. రాష్ట్రం వాళ్ళు లేచి కాదన్నారంటే, కేంద్రం వాళ్ళకి మేం చెడ్డవాళ్ళమవుతాం. వాళ్ళు లేవకముందే పంపేస్తే ఎవరికీ పట్టదు. ఎనిమిది దాటినా నొక్కకపోతే, మాట వినలేదని పై ఆఫీసుకి రాయక తప్పదు. సెప్టెంబర్లో మీ ఆవిడ పాసు రెన్యువల్ ఉంది, అది నా చేతిలో ఉండదు. ఇదంతా ఆయన నావైపు చూడకుండా, టిష్యూ ప్యాకెట్‌తో మాట్లాడుతున్నట్టు చెప్పారు.

పాసు పోతే నెల రోజుల్లో పెట్టే బేడా సర్దుకోవాలి. అక్టోబర్‌లో వర్షితకి ఓ లెవెల్స్, ఇక్కడి పదో తరగతి పరీక్షలు. నాలుగేళ్ళుగా ఆ పిల్ల ఆ పరీక్షల కోసమే బతుకుతోంది. నేను మెట్లెక్కి పైకి వచ్చాను, లిఫ్ట్ కోసం ఆగే ఓపిక కూడా లేదు. ఎక్కుతూ ఎక్కుతూ ఎన్ని మాటలు అనాలో అన్నీ పోగు చేసుకున్నాను.

అన్నీ అన్నాను. ఎవడి కారో, ఎవడి చట్టమో, ఎవడి కోసం మన పిల్ల నోటి దగ్గర కూడు తీసేస్తున్నావు అన్నాను. హరిశ్చంద్రుడి ఇంటిపేరు మనకెందుకు, ఆయన పెళ్ళాన్నీ కొడుకునీ అమ్ముకున్నాడు, నువ్వు మమ్మల్ని అమ్ముకుంటావా అన్నాను. వర్షిత స్కూలు బ్యాగుతోనే గుమ్మంలో నిలబడిపోయింది. "అమ్మా, మనం వెళ్ళిపోవాలా? దెన్ మై ఎగ్జామ్ హౌ?" అంది. అది విని నాకింకా ఒళ్ళు మండింది. ఒక్క బటన్, ఒక్క వేలు, నొక్కడానికి ఏం రోగం అని అరిచాను.

లలిత లాప్‌టాప్ మీంచి తలెత్తింది. "కాగితం రేపు పంపిస్తానన్నాడండీ" అంది.

అయితే ఏమైందని అడిగాను.

"మీరు కాజాలు పట్టుకొచ్చిన రోజున ఇచ్చిన నంబరు ఎవరిదో మీకు తెలుసా?"

తెలీదు. లోకంలో అంటించిన ప్రతి కవరుకీ దీపం అడ్డంపెట్టి చూసే నేను, ఆ ఒక్క కవరూ తెరవలేదు. పెద్దాఫీసరుది కదా, భయం. ఆ నంబరు ఎవరిదో అప్పుడు అడగలేదు, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. నా కుతూహలం అప్పుడు ఏ గడ్డి మేసిందో నాకే తెలీదు.

మీ ఆఫీసులో టైపిస్టు తారాదేవి గారిది అంది లలిత.

నేను కుర్చీలో కూర్చున్నాను. తారాదేవి నాకు రెండు బల్లల అవతల కూర్చునేది. మా ఆఫీసరు గారికి ఉప్పాడ వైపు రొయ్యల చెరువులుండేవి. ఆఫీసు జీపులో రొయ్యల మేత మోయిస్తున్నారని ఒక పేపర్లో పడింది. ఆ వార్త ఎవరిచ్చారా అని ఆయన రగిలిపోయారు. రెండు వారాలకి తారాదేవిని మారేడుమిల్లి తోలేశారు. ఎనిమిది నెలల చంటిపిల్లాడు. ఆ రోజుల్లో ఆ ఏజెన్సీలో జ్వరాలు, సరైన డాక్టరు లేడు, ఫోన్ టవరు లేదు. బదిలీలంటే మామూలే అనుకున్నాం. చందా వేసుకుని స్టీలు డబ్బా కొనిచ్చాం. బస్సు మీదకి ఆవిడ ట్రంకు పెట్టె ఎక్కించింది నేనే. అప్పణ్ణించీ నేనంటే ప్రాణం ఆవిడకి. ప్రతి ఉగాదికీ మెసేజ్ పెడుతుంది, తమ్ముడూ అని.

వెళ్ళేముందు ఆవిడ మా కౌంటర్‌కి వచ్చిందండీ అని లలిత చెప్పింది. అక్కడ టవరు లేదట, ఫోన్ కనెక్షన్ తీసేసుకోండని చెప్పడానికి వచ్చింది. ఒళ్ళో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఫారం మీద నంబరు చూడగానే లలిత గుర్తుపట్టింది. తారాదేవి మెల్లిగా అడిగిందట, నేను ఎవరికి ఫోన్ చేశానో మీ దగ్గర ఎవరైనా తీయించుకోగలరా అమ్మా అని. పేపరాయనకి ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది. ఆ సంగతి ఒక్క మనిషికి తప్ప ఎవరికీ తెలీదు.

"అలా ఎవరికీ ఇవ్వమండీ, కోర్టు కాగితం ఉండాలి అన్నాను. మొహం మీదే చెప్పాను. ఊరట పడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, అయితే చెన్నమ్మే చెప్పేసిందన్నమాట అంది."

చెన్నమ్మ గారు మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆవిడా తారాదేవీ ఒకే క్యారియర్‌లో తినేవాళ్ళు. బదిలీ రోజున చెన్నమ్మ గారు పులిహోర పొట్లం కట్టుకుని గేటు దగ్గర నిలబడితే, తారాదేవి మొహం తిప్పుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది. నేను చూశాను. ఆడవాళ్ళ అలకలు అనుకుని, ఆ పొట్లం నాకిచ్చెయ్యండి అని చెన్నమ్మ గారిని ఆటపట్టించాను కూడా. ఇచ్చేశారు. తిన్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తోంది.

నాకు తెలీదు లలితా అన్నాను. ఆ మాట రెండు మూడుసార్లు అన్నట్టున్నాను.

"తెలీదని నాకు తెలుసండీ. అందుకే చెప్పలేకపోయాను. మీరు నలుగురిలో ఆ కథ చెప్పి నవ్వుతుంటే వినలేక లేచిపోయేదాన్ని. మీరు కవరు మోశారు, అంతే. లిస్టు తీసింది నేను. అబద్ధం చెప్పింది నేను. ఇవాళ మళ్ళీ తియ్యమంటే నా వల్ల కాదు. పాసు పోతే పోనీండి, వర్షిత కాళ్ళు నేను పట్టుకుంటాను."

వర్షిత బ్యాగు కింద పెట్టి వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. నేను మాట్లాడకుండా రెండు గంటలు కూర్చోవడం కూడా పన్నెండేళ్ళలో లేదు. విశ్వేశ్వరరావు గారు నాలుగుసార్లు నాకు ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఏడున్నరకి వంటింట్లోకెళ్ళి మాడిన పోపు పారేసి మళ్ళీ పెట్టాను. అమెరికాలో ఆ కారు తోలుకునే మనిషి ఎవరో, ఏం చేశాడో, చెడ్డవాడో మంచివాడో మాకెవరికీ తెలీదు. తెలుసుకోవాలని నాకు ఎంత ఉన్నా, ఆ పూట అడగాలనిపించలేదు.

ఎనిమిదీ పదికి లాప్‌టాప్ చిన్నగా మోగింది. లలిత చదివింది. మళ్ళీ చదివింది. ఏం రాశారో చెప్పదని నాకు తెలుసు, అడగలేదు. మూత వేసి, వర్షిత వైపు తిరిగి, "వెళ్ళి చదువుకో అమ్మా. మనం ఎక్కడికీ వెళ్ళట్లేదు" అంది.

అయిదు నిమిషాలకి లలితకి విశ్వేశ్వరరావు గారి ఫోన్. గొంతు పెద్దది కాబట్టి ఇవతలికి వినపడింది. రాష్ట్రం వాళ్ళు పంపొద్దన్నారని, ఎవరు పంపమన్నారో రాసిమ్మన్నారని, రేపు మామూలుగా వచ్చెయ్ అమ్మా, కార్డు నా టేబుల్ మీదే ఉందని చెప్పి, చివర మెల్లిగా అడిగారు, నేను పొద్దున్న నొక్కిన ఆమోదం సిస్టంలోంచి తీసెయ్యొచ్చా అని. లలిత చాలా మర్యాదగా, "అది కుదరదండీ సార్. మీకంటే చాలా ఏళ్ళ ముందు నేనొకటి నొక్కినప్పుడు నాకూ కుదర్లేదు" అంది. ఆయనకేం అర్థమైందో తెలీదు. నాకు అర్థమైంది.

ఆ ఆదివారం లలిత బాల్కనీలో కూర్చుని గోంగూర వలుస్తుంటే, నేను పక్కన స్టూలు వేసుకుని కాకినాడకి ఫోన్ చేశాను. చెన్నమ్మ గారు రిటైరై రెండేళ్ళయింది. ఏరా సుధాకరం, సింగపూర్‌లో వానలా అని మొదలుపెట్టారు. నేను ఏ హంగూ లేకుండా చెప్పేశాను. తారాదేవి లిస్టు ఫోన్ కంపెనీ నుంచి బయటికి వచ్చిందని, అది తెచ్చి ఆఫీసరు చేతిలో పెట్టింది నేనేనని, మీరెవరికీ ఏమీ చెప్పలేదని నాకిప్పుడు తెలుసునని చెప్పాను. కాజాల సంగతి కూడా చెప్పాను.

ఆవిడ అన్నారు, మా పెద్దదాని పెళ్ళికి శుభలేఖ పంపితే విప్పకుండా తిప్పి పంపించిందిరా అని. నేను చెప్పలేదని చెప్పుకుందామంటే మారేడుమిల్లి వెళ్ళినప్పుడు గుమ్మంలోకి రానివ్వలేదు అన్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"తారాదేవి నంబరు నీ దగ్గరుందా?"

ఉందండి అన్నాను. నా దగ్గర లేని నంబరేముంది?

"చెప్పు. రాసుకుంటాను."

నోటి చివరిదాకా వచ్చింది. మొదటి మూడు అంకెలు నాలుక మీదే ఉన్నాయి. లలిత గోంగూర మీంచి తలెత్తలేదు గాని, వలిచే చెయ్యి మాత్రం ఆగింది.

"ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఇస్తానండి" అన్నాను.

చెన్నమ్మ గారు ఏమనుకున్నారో, ఒక నిట్టూర్పు వినపడింది. "అడుగు. తొందరగా అడుగు. నాకు అరవై నాలుగు" అని పెట్టేశారు. లలిత చెయ్యి మళ్ళీ కదిలింది.

వెంటనే తారాదేవి గారికి చేశాను. రెండు రింగులకే ఎత్తింది. వెనక ఎవరో నవ్వుతున్నారు, అప్పటి చంటిపిల్లాడే అయుంటాడు. "ఏం తమ్ముడూ, పండగా పబ్బమూ ఏమీ లేకుండా గుర్తొచ్చానేంటి?" అంది.

అక్కగారూ, మీకొకటి చెప్పాలి, చెప్పాక ఒకటి అడగాలి అన్నాను.